ఎర్ర చుక్క పడిన పాల కేంద్రం

ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. కూరగాయలామె కొసరుగా గుప్పెడు కొత్తిమీర వేసిందంటే, వంకాయల్లో పుచ్చులు ఎన్ని కలిపిందో అని అక్కడే సంచి విప్పి చూస్తాను. బస్సులో పక్క సీటు ఆమె చెనిక్కాయలు పెడితే పంటినొప్పి అని చెబుతాను. ఆఫీసులో నన్ను వెనకాల పోలీసమ్మ అంటారని కూడా నాకు తెలుసు. ఎలా తెలుసంటే, తలుపు పక్కన నిలబడి విన్నాను. అందుకే ఆ రోజు మా మేనేజరు అందరినీ కూర్చోబెట్టి, "కంపెనీ ఖర్చుతో మీకు కొత్త చదువు చెప్పిస్తున్నాం" అన్నప్పుడు మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు గానీ నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.

మాది కడపలో ఒక పాల కంపెనీ. చుట్టుపక్కల చాలా ఊళ్లలో మాకు పాల కేంద్రాలున్నాయి. పొద్దునా సాయంత్రం రైతులు క్యాన్లతో పాలు తెచ్చి పోస్తారు. కేంద్రం నడిపే మనిషి వాటిని తూచి, వెన్న ఎంతుందో చూసి, మిషన్లో నొక్కితే ఆ లెక్క ఆఫీసుకు చేరుతుంది. ఆ లెక్కలన్నీ ఎక్సెల్లో పేర్చి నెలాఖరుకు రిపోర్టు తయారుచేయడం నా ఉద్యోగం. ఇప్పుడు దాని బదులు డేటా వేర్‌హౌస్ వస్తుందట. అన్ని కేంద్రాల లెక్కలూ ఒకేచోట చేరి, శుభ్రపడి, బొమ్మలుగా తెర మీద కనపడతాయట. దాన్ని కట్టడం, చదవడం మేమే నేర్చుకోవాలట. ఆ విద్యను బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటారని మేనేజరు చెప్పాడు. ఇంటెలిజెన్స్ అనే మాట నేను అంతవరకు పోలీసుల దగ్గరే విన్నాను.

"మ్యాపు మీద ఒక్కో కేంద్రం ఒక్కో చుక్క. బాగా నడిచేది పచ్చ, నడవనిది ఎరుపు. అంతే," అన్నాడాయన.

"ఎర్రదైతే ఏం చేస్తారు సార్?" అని అడిగాను.

"చూస్తాం."

"చూసి?"

"చూసి ఆలోచిస్తాం. నీకు ప్రతిదీ అనుమానమేనమ్మా!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం రాయచోటి పక్క పల్లెలో ఉన్న ఒక కేంద్రం గుర్తొచ్చింది. అది మా చిన్నమ్మది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మా అమ్మ పోయేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను, చిన్నమ్మ కువైట్‌లో ఉంది. ఆ పక్క ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోవడం కొత్తేమీ కాదు. మగడు చనిపోయాక ఈమె కూడా అక్కడికే వెళ్లింది. శుక్రవారం ఆమెకు కాస్త తీరిక. ఆ రోజు ఫోన్ చేసి "తింటివా పాపా?" అని అడిగేది. ఏం తిన్నానో చెబితే గానీ ఫోన్ పెట్టేది కాదు. తిరిగొచ్చాక కువైట్ గురించి ఎవరు అడిగినా ఒకటే కథ చెప్పేది, అదీ నవ్వుతూ. ఆమె బయటికి పోయేటప్పుడల్లా ఆ ఇంటి యజమానురాలు గడప దగ్గర నిలబడి సంచి తెరిపించి చూసేదట. పోనుపోను అడక్కముందే చిన్నమ్మే సంచి తెరిచి ఒక్కో వస్తువూ బయటపెట్టేదట. "చీర, తువ్వాల, తలనొప్పి మాత్ర. చూసుకో మేడమ్, నీ బంగారు లోటాలు నా కాడ ల్యా," అని తెలుగులోనే అనేదట. ఆమె ఆ మేడమ్ లాగా నడుం మీద చేతులు పెట్టుకుని నటించి చూపిస్తుంటే మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం.

ఊరికి తిరిగొచ్చి, ఇంటి ముందర రేకుల పంచ వేయించి పాల కేంద్రం తీసుకుంది. ఆమెకున్న చేను వానను నమ్ముకున్నది, వాన దాన్ని నమ్ముకున్నది కాదు. "ఇది నడిచినన్నాళ్లు నేను విమానం ఎక్కేది ల్యా పాపా. ఇది పోతే మల్లా ఆ గడపే," అనేది. ఆ మాట మాత్రం నవ్వుతూ అనేది కాదు.

ఆ కేంద్రం మా చిన్నమ్మదని ఆఫీసులో నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దాన్ని నా మీద వాడతారని నా నమ్మకం.

చదువు చెప్పడానికి కర్నూలు నుంచి ఒక సారు వచ్చేవాడు. శనివారం దిగి, ఆదివారం సాయంత్రం బస్సెక్కేవాడు. పాలు చల్లబరిచే మిషన్లున్న గది పైన మా క్లాసు. కింద మిషన్ల రొద, పైన ఆయన గొంతు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నాకు మొదటి రోజే ఆయన మీద గురి కుదరలేదు. టీ తాగడానికి లేచినా ల్యాప్‌టాప్ మూసి గానీ లేచేవాడు కాదు. మేము పెట్టిన బిస్కెట్టు ముట్టుకునేవాడు కాదు. ఫోన్ వస్తే మెట్ల కిందికి దిగిపోయి మాట్లాడేవాడు. ఒకసారి నేను బాటిల్లో నీళ్లు పట్టుకునే వంకతో వెనకాలే దిగాను. "ఎర్రగైపోయినవి ఈపొద్దే తోలేయండప్పా, పెట్టుకుంటే నష్టం," అంటున్నాడు అవతలి వాళ్లతో.

చుక్కలు ఇంకా మ్యాపు మీదికి ఎక్కనే లేదు, అప్పుడే ఎర్రవి తోలేయడమా? మేనేజరూ ఈయనా కలిసి ముందే అన్నీ తేల్చుకుని, మా చేతులతో మా కేంద్రాలను మూయించడానికే ఈ చదువంతా అని నిర్ధారణకు వచ్చేశాను. రెండు వారాలు నిద్రపట్టలేదు. తర్వాత తెలిసింది, ఆయన వాళ్లది పత్తికొండ దగ్గర టమాటా సేద్యమనీ, ఆ ఫోన్లు మార్కెట్టుకు తోలే కాయల గురించనీ. తెలిశాక కూడా పూర్తిగా నమ్మలేదు. టమాటాలు పండించేవాడు ఎర్ర చుక్కలు పెట్టకూడదని ఎక్కడుంది?

చదువు మాత్రం బాగా చెప్పేవాడు. అది ఒప్పుకోవాలి.

"చూడండప్పా, లోకంలో ఉండేవి రెండే. జరిగింది ఒకటి, అది ఎవురికి, యాడ, ఎప్పుడు జరిగిందనేది ఇంకొకటి," అనేవాడు. "మా మార్కెట్లో గంపలు దిగుతాయి. ఎన్ని గంపలు, ఏం ధర, ఇవి జరిగినవి. ఇదంతా ఒక టేబుల్లో పోయల్ల. ఏ రైతు, ఏ ఊరు, ఏ రకం కాయ, ఇవి పక్క టేబుళ్లలో ఉండల్ల. రెంటినీ కలిపి అడిగితేనే జవాబొస్తాది. కలపడంలో తప్పుచేస్తే మాత్రం జవాబు శానా అందంగా వస్తాది, తప్పుగా వస్తాది."

ఆ చివరి మాట నాకు నచ్చింది. ఇంకా నచ్చింది ఏమంటే, అసలు ఈ విద్యలో సగం పని అనుమానించడమే. బయటి నుంచి వచ్చిన లెక్కను నేరుగా లోపలికి రానివ్వరు. వాకిట్లో నిలబెట్టి ప్రశ్నిస్తారు. ఈ తేదీ ఇంకా రాలేదే, నువ్వెలా వచ్చావు? ఈ గేదె పాలల్లో ఇంత వెన్నేమిటి, నెయ్యి తాగిందా? ఈ ఊరి పేరు ఖాళీగా ఉందేం? సరైన జవాబు చెప్పిన లెక్కే లోపలికి పోతుంది, లేనిది పక్కన కూర్చుంటుంది. ఇన్నాళ్లూ ఇంట్లోనూ ఆఫీసులోనూ నన్ను ఏ గుణానికి తిట్టారో ఆ గుణానికి జీతమిచ్చే పని ఒకటుందని తెలిసి నాకు చెప్పలేనంత సంతోషమేసింది. టేబుళ్లను ప్రశ్నలడిగే క్వెరీలు రాయడం పట్టుబడింది. క్లాసు అయిపోయి సోమవారం ఎప్పుడొస్తుందా అని కాక శనివారం ఎప్పుడొస్తుందా అని చూసే రోజులొచ్చాయి. మా ఆయన కూడా గమనించి, "ఈమధ్య నా జేబులు వెతకడం మానేసినావే!" అన్నాడు. తీరిక దొరకలేదు, అంతే.

అన్నిటికన్నా పెద్ద పని పేర్లు శుభ్రం చేయడం. కంపెనీ సభ్యులకు దాణా తక్కువ ధరకు ఇస్తుంది. ఒకే మనిషి రెండు పేర్లతో చేరి రెండుసార్లు దాణా ఎత్తుకుపోతున్నాడని మేనేజరు అనుమానం. దొంగ పేర్లు ఏరేయాలన్నాడు. చూడబోతే పేర్లు నిజంగానే కంగాళీగా ఉన్నాయి. ఒకే రైతు ఒకచోట పేరు ముందు 'పెద్ద' అని ఉంటాడు, ఇంకోచోట ఉండదు. ఒకచోట 'శ్రీ', ఇంకోచోట 'గారు'. సారు బోర్డు మీద రాశాడు: పేర్లకు ముందూ వెనకా ఉండే ఇలాంటి అలంకారాలన్నీ తీసేద్దాం. మిగిలిన పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఇవన్నీ ఒకటైతే మనిషి ఒకడే. ఏమంటారు?

క్లాసులో అందరం కర్నూలు, కడప వాళ్లమే. అయినా ఎవరికీ అడ్డుచెప్పాలనిపించలేదు. ఖాతా కూడా ఒకటే అయితే ఇంకేం అనుమానం? నాకే రాలేదంటే చూసుకోండి. శ్రీ, గారు, పెద్ద, నడిపి, చిన్న, అన్నీ ఎగిరిపోయాయి. సభ్యుల సంఖ్య ఒక్కసారిగా తగ్గింది. "చూసినారా, ఎంత దొంగతనం జరుగుతాందో!" అని మేనేజరు బల్ల గుద్దాడు.

ఆ తర్వాతి వారం మ్యాపు తయారైంది. తెర మీద చుక్కలు ఒక్కొక్కటీ వెలుగుతుంటే అందరూ మెడలు చాపి చూస్తున్నారు. నేను రాయచోటి వైపే చూశాను. చిన్నమ్మ ఊరి మీద ఎర్ర చుక్క.

వేలు పెట్టి నొక్కితే కారణాలు తెరుచుకుంటాయి. మొదటిది, సభ్యులు మరీ తక్కువ. అది కాదు నన్ను భయపెట్టింది. రెండోది: ఒక సభ్యుడికి ఉన్నవి రెండు గేదెలు, అతను పోస్తున్న పాలు రెండు గేదెలు ఇవ్వగలిగినవి కావు. పక్కన యంత్రం తనంతట తాను రాసుకున్న మాట: కల్తీ అనుమానం. ఒకరు కాదు, ఆ ఊళ్లో అలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు.

"దీన్ని వచ్చే నెల మీటింగులో పెడదాం," అన్నాడు మేనేజరు, మామూలుగా, టీ చెప్పినట్టు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ నేను ఆలోచించింది మేనేజరు గురించి కాదు. చిన్నమ్మ గురించి. యంత్రానికి చుట్టరికాలు లేవు, అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు. మరి నీళ్లు కలిపిన పాలు కేంద్రంలో తూకానికి ఎక్కాలంటే కేంద్రం నడిపే మనిషి కళ్లు మూసుకోవాలి గదా. ఒకసారి ఆ దారి పట్టాక నా బుర్ర ఇక ఆగదు. పోయిన సంక్రాంతికి ముందు ఆమె వంటింట్లో కొత్త బండలు పరిపించింది, ఎలా? మొన్న ఫోన్ చేస్తే "పాలు పోస్తాండారు పాపా, మల్లా చేస్తా," అని గబుక్కున ఎందుకు పెట్టేసింది? ఊళ్లో అందరూ ఆమెను అంత ఇష్టంగా ఎందుకు చూస్తారు? ఇన్నేళ్లూ ప్రేమగా కనిపించినవన్నీ ఒక్క సాయంత్రంలో సాక్ష్యాలైపోయాయి. నా మీద నాకే అసహ్యమేసింది. అసహ్యమేసినా ఆలోచన ఆగలేదు.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ తప్పు చేసినవాళ్లు ఫోన్లో ఏం చెబుతారు? రెండు రోజులు సెలవు పెట్టి, "నిన్ను చూసి శాన్నాళ్లయింది చిన్నమ్మా," అని చెప్పి రాయచోటి బస్సెక్కాను.

ఆమె నన్ను చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. సంగటి కెలికి, గోంగూర ఊరిబిండి నూరి, పక్కన కూర్చుని తినిపించినంత పని చేసింది. "చిక్కిపోయినావు. ఆ కంప్యూటర్లు నెత్తురు తాగుతాయంట గదా," అంది. నేను తింటూ వంటింటి బండల వైపు చూశాను. మామూలు కడప బండలే, అంచులు కూడా సరిగ్గా చెక్కించలేదు.

మరుసటి పొద్దున ఆమెతోపాటే లేచి పంచలో నిలబడ్డాను. "పనుకోరాదా పాపా," అంది. "ఊరికే చూస్తా చిన్నమ్మా," అన్నాను. జనం క్యాన్లు పట్టుకుని ఒక్కొక్కరే వస్తున్నారు. నేను పాలకొలత గొట్టం, అదే లాక్టోమీటరు, చేతిలోకి తీసుకున్నాను. ప్రతి క్యాను పాలల్లో అది ఎంతవరకు మునిగిందో వంగి చూశాను. నీళ్లు కలిపితే ఎక్కువ మునుగుతుంది, ఆ మాత్రం నాకు తెలుసు. ఒక్క క్యానులో కూడా తేడా రాలేదు. చిన్నమ్మ నా వైపు ఒకసారి చూసి, మళ్లీ తూకం వైపు తిరిగింది.

కాసేపటికి ఒక నడివయసు మనిషి పాలు పోశాడు. చిన్నమ్మ మిషన్లో నొక్కుతూ, "ఏమప్పా నడిపోడా, పెద్దోడింకా రాల్యా?" అంది.

"వాడు ఇంకా పిండుతాండాడు. చిన్నోడు వస్తాండాడు, అదిగో."

అచ్చు అదే మొహంతో ఇంకొకడు వచ్చాడు, కాస్త లేతగా. అతని వెనక అదే మొహం, నెరిసిన మీసంతో. ముగ్గురూ మూడు క్యాన్లు పోశారు. మిషను చీటీలు వదిలింది. మూడు చీటీల మీదా ఒకే దేవుడి పేరు. ఒకదాని ముందు పెద్ద, ఒకదాని ముందు నడిపి, ఒకదాని ముందు చిన్న. యంత్రం పట్టుకున్న ఆ కల్తీ సభ్యుడి పేరు అదే.

తెలియని సంగతా ఇది? మా పక్క పిల్లలు దక్కని ఇంట్లో దేవుడికి మొక్కుకుంటే, పుట్టిన కొడుకులందరికీ ఆ దేవుడి పేరే పెడతారు. పెద్ద, నడిపి, చిన్న అన్నదే వాళ్ల అసలు గుర్తు. మా నాన్న అన్నదమ్ములకూ అలాగే ఉంది, ఆయన్ను చచ్చేదాకా ఊళ్లో నడిపోడనే పిలిచారు. అది అలంకారమని కడపలో ఏసీ గదిలో కూర్చుని మేమందరం తీసేశాం.

"అన్నా, మీ ముగ్గురికీ బ్యాంకు ఖాతా ఒకటేనా?" అని అడిగాను పెద్దతన్ని.

"మా అమ్మ ఖాతామ్మా. ఫోను కూడా ఆమెదే ఇచ్చినాం. పాల దుడ్లు అమ్మవి గదా," అన్నాడతను, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"వేరుపడలేదా మీరు?"

"ఎప్పుడో పడినాం. గేదెల్ని పంచుకున్యాం, చేను పంచుకున్యాం. అమ్మను పంచుకోల్యా."

ముగ్గురూ నవ్వుకుంటూ ఖాళీ క్యాన్లతో వెళ్లిపోయారు. ఒక్కొక్కరికీ రెండేసి గేదెలు. మేము ముగ్గుర్నీ ఒకడిని చేసేసరికి ముగ్గురి పాలూ ఒకడి రెండు గేదెల లెక్కలో పడ్డాయి. ఆ ఊళ్లో సగం ఇళ్లలో ఇదే కథ అని తర్వాత తెలిసింది. నేను గట్టిగా ఊపిరి వదిలాను. ఎగిరి గంతేయాలనిపించింది.

పాలబండి వచ్చి వెళ్లాక చిన్నమ్మ కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండానే అంది. "పాపా, నువ్వు నన్ను చూడ్డానికి రాల్యా."

"అదేం మాట చిన్నమ్మా!"

"పాలు చూడ్డానికి వచ్చినావు. ఆ గొట్టం పట్టుకున్న్యప్పుడే తెలిసింది."

ఇక దాచలేక మొత్తం చెప్పాను. మ్యాపు, చుక్క, పెద్ద, చిన్న, అన్నీ. ఇప్పుడు తప్పు ఎక్కడుందో దొరికింది, నేను పోయి సరిచేస్తాను, నీ కేంద్రానికి ఏమీ కాదు అని గొప్పగా కూడా చెప్పాను. ఆమె గిన్నె బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నన్ను అడిగింటే చెప్పేదాన్ని గదా," అంది. నాకున్న జవాబు ఆమెకు చెప్పగలిగింది కాదు.

ఆఫీసుకు వచ్చి సారు ముందూ మేనేజరు ముందూ సంగతి పెట్టాను. సారు ఒక నిమిషం నుదురు పట్టుకుని, "అయ్యో, నా సర్టిఫికెట్లోనే నా పేరు ముందర చిన్న ఉండాది సార్. మా అన్న పెద్ద. నాకే తట్టల్యా చూడండి," అన్నాడు. అంతవరకు ఆయన మీద ఉన్న అనుమానం నాకు ఆ నిమిషంలో పోయింది, చాలావరకు. అప్పటికప్పుడే రూలు మార్చి, తీసేసిన మాటల్ని వెనక్కి తెచ్చి, మళ్లీ అంతా నడిపించాడు. మ్యాపు మీద చుక్కలు ఒక్కొక్కటీ ఎరుపు నుంచి పచ్చకు మారాయి, చిన్నమ్మ ఊరొక్కటే కాదు, ఆ చుట్టుపక్కల పల్లెలు ఇంకా కొన్ని.

మేనేజరు మాత్రం మ్యాపు చూడలేదు. నన్ను చూస్తున్నాడు.

"ఇన్ని ఎర్ర చుక్కలుంటే నువ్వు ఆ ఊరికే ఎందుకు పోయినావమ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆలస్యమైంది. ఎవరైనా చెప్పేశారో, లేక ఆయనే కనుక్కున్నాడో.

"మీ చిన్నమ్మ కేంద్రమట గదా. ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదే! ఇప్పుడు రూలు మార్చి చుక్క పచ్చ చేసినావు. నా స్థానంలో నువ్వుంటే ఏమనుకునేదానివి?"

నేనుంటే ఏమనుకునేదాన్నో నాకు బాగా తెలుసు. అందుకే కోపం కూడా సరిగ్గా రాలేదు. నా జీవితమంతా నేను జనాన్ని చూసిన చూపు అది. మొదటిసారి అది నా వైపు తిరిగింది, చల్లగా, మర్యాదగా. "సార్, రూలు నేను మార్చినాను, ఆమె కాదు," అని సారు అడ్డుపడ్డాడు. మేనేజరు తల ఊపి, "సరే, మనిషిని పంపించి చూపిస్తా. నిజమైతే పచ్చ, కాదంటే ఎరుపు," అన్నాడు.

మేనేజరు పంపిన ఫీల్డు సూపర్‌వైజరు ముందుగా చెప్పకుండా పోయాడు. పాలు పోసే వేళకు, ఊరంతా క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా దిగాడట. తూకం ఆపించాడు. అన్నదమ్ముల్ని పక్కపక్కన నిలబెట్టి ఆధార్ కార్డులు తెప్పించి చూశాడు. అంతటితో పోలేదు. చిన్నమ్మ ఇంట్లోకి పోయి వంటిల్లు, దొడ్డి, నీళ్ల తొట్టి, మంచం కింద, అన్నీ చూశాడట, పాలపొడి సంచులేమైనా దాచిందేమోనని. అందరూ చూస్తుండగా బీరువా తాళం కూడా తీయించాడట. ఏమీ దొరకలేదు. దొరకడానికి ఏమీ లేదు.

ఇవేవీ చిన్నమ్మ నాకు చెప్పలేదు. ఆ నడిపి అన్న ఫోన్ చేసి చెప్పాడు. "శానా అవమానం చేసినారమ్మా. ఆయమ్మ ఒక్క మాట కూడా అనల్యా. అడక్కముందే అన్ని తలుపులూ ఆమే తీసి చూపించింది," అన్నాడు. ఆ చివరి మాట అతనితో ఇంకోసారి చెప్పించుకున్నాను.

కేంద్రం నిలబడింది. మీటింగులో ఆ ఊరి పేరే రాలేదు. చుక్క పచ్చగా ఉంది, ఇప్పటికీ ఉంది. పొద్దున్నే కంప్యూటర్ తెరిచి ముందు దాన్నే చూస్తాను. నాకు ఇంకో కుర్చీ ఇచ్చారు, వచ్చే లెక్కలన్నిటినీ వాకిట్లో ఆపి ప్రశ్నించే కుర్చీ. ఆ పని ఇప్పటికీ నాకు ఇష్టమే. లెక్కను అనుమానించాల్సిందే, మళ్లీ అలాంటిది వస్తే మళ్లీ బస్సెక్కుతాను. ఎక్కే ముందు ఒక ఫోన్ చేస్తాను, అంతే తేడా. చిన్నమ్మకు మాత్రం ఆ మధ్య చాలాసార్లు ఫోన్ చేశాను. "బాగుండా పాపా, తింటివా?" అనేది. ఆ ఊసు ఎత్తబోతే "పాలు పోస్తాండారు," అనేది.

దర్గా ఉరుసుకు చిన్నమ్మ కడప వచ్చింది. ఏటా వస్తుంది, మా ఇంట్లోనే దిగుతుంది. ఈసారి రాదేమో అనుకున్నాను, వచ్చింది. మా పిల్లకు గాజులు తెచ్చింది. మా ఆయనతో కువైట్ కబుర్లు చెప్పింది. జనంలో తోసుకుంటూ ఇద్దరం దర్గాకు పోయి వచ్చాం. అంతా మామూలుగానే ఉందనుకున్నాను. నన్ను క్షమించేసింది, నేనే ఎక్కువగా ఆలోచిస్తున్నాననుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున రాయచోటి బస్సుకు బయల్దేరింది. ఆటో వచ్చి నిలబడింది. చిన్నమ్మ చెప్పులు వేసుకుని గడప దగ్గర ఆగి, చేతిలో ఉన్న సంచి కింద పెట్టి, దాని జిప్పు లాగింది. ఏదో మరిచిపోయిందనుకున్నాను.

"చీర," అంది, తీసి గడప మీద పెడుతూ. "తువ్వాల. తలనొప్పి మాత్ర. ఇవి దర్గా కాడ కొన్న మిఠాయిలు. చూసుకో పాపా."

"చిన్నమ్మా!" అన్నాను. మా ఆయన లోపల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, ఆయన చూడలేదు. ఆమె సంచిని తిరగేసి ఒకసారి దులిపి, అన్నీ మళ్లీ ఒద్దికగా సర్దుకుని, జిప్పు వేసుకుంది.

ఆటోలో కూర్చున్నాక నా వైపు తిరిగింది. ఎకసెక్కంగా నవ్విందనే అనిపించింది. కానీ ఎండ సరిగ్గా ఆమె మొహం మీద పడుతోంది, కళ్లు చిట్లించిందేమో కూడా.